గంజి వార్చే ఇంట్లోనే తరవాణి

నలభై ఏళ్లు దాటేదాకా నేను తరవాణి నోట పెట్టలేదు. మా నాన్నగారి వైపు అందరూ తరతరాలుగా పొద్దుటి పూట తిన్నది అదే. తాతయ్య పొలానికి బయలుదేరే ముందు, నాన్న బడికి పరుగెత్తే ముందు, నాయనమ్మ ఇంటి పని తెమిల్చుకుని అందరి తర్వాత కూర్చున్నప్పుడు, అన్ని గిన్నెల్లోనూ అదే. అమలాపురం దగ్గరి మా ఊళ్లో మా మేనత్త ఈనాటికీ దానితోనే రోజు మొదలుపెడుతుంది. నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. వేసవి సెలవులకు ఊరు వెళ్లినప్పుడు, వంటింట్లో ఆ కుండ ఉన్న మూలకు అసలు వెళ్లేదాన్ని కాదు. వాసన పడేది కాదు. బాబాయి పిల్లలు కుండ చుట్టూ చేరి గిన్నెలు చాపుతుంటే, నాయనమ్మ నాకోసం విడిగా ఉప్మా చేసి పెట్టేది. ఆ ఏర్పాటు ఎంత బాగా కుదిరిపోయిందంటే, ఆ తర్వాత ఎవరూ నన్ను తినమని అడగలేదు, నేనూ ఆ ఊసు ఎత్తలేదు.

తెలియని వాళ్లకు ముందుగా రెండు ముక్కల్లో చెబుతాను. అన్నం వార్చగా వచ్చిన గంజిని చల్లార్చి మట్టికుండలో పోస్తారు. ఉప్పు, దబ్బాకులో నిమ్మాకులో నాలుగు, కాస్త వాము వేసి మూకుడు మూసి ఉంచుతారు. ఎండాకాలంలో రెండు మూడు రోజులకు పుల్లబడుతుంది. ఆ పుల్లని నీళ్లే తరవాణి. రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి, తెల్లవారి నీళ్లతో సహా తీసుకుని ఊరగాయతో తింటారు. తీసిన మేరకు మళ్లీ ఆ రోజు గంజి పోస్తారు. అలా కుండ నడుస్తూనే ఉంటుంది. ఇంటింటికీ పద్ధతి కొద్దికొద్దిగా మారుతుంది కానీ, మూలం మాత్రం గంజి, ఉప్పు, మట్టికుండ, రోజూ చూసుకునే మనిషి.

పెద్దయ్యాక నా విముఖతకు ఇంకో కారణం తోడైంది. నేను పనిచేసేది మైక్రోబయాలజీ ల్యాబులో. రోగుల నమూనాలను కల్చర్ ప్లేట్ల మీద పెంచి, ఏ సూక్ష్మజీవి పెరిగిందో చూసి చెప్పడం నా పని. వండిన అన్నాన్ని రాత్రంతా బయట వదిలేస్తే ఏమవుతుందో నాకు పుస్తకం చూడకుండా తెలుసు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. దాని బీజాలు బియ్యంలోనే ఉంటాయి, అన్నం ఉడికే వేడికి కూడా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే ఆ బీజాలు మొలకెత్తి పెరుగుతాయి. వాటిలో కొన్ని రకాలు విడుదల చేసే విషం మళ్లీ మరిగించినా పోదు. వాంతులతో వచ్చిన వాళ్లను అడిగితే, నిన్నటి ఫ్రైడ్ రైస్ అని చెప్పడం మాకు కొత్త కాదు. అందుకే, అన్నాన్ని నీళ్లలో వేసి రాత్రంతా మూలన పెట్టి తెల్లవారి తినడమనేది నా బుద్ధికి ఎక్కేది కాదు. చిన్నప్పుడు ముక్కు ఒప్పుకోలేదు, ఇప్పుడు చదువు ఒప్పుకోలేదు.

పోయిన వైశాఖంలో నాన్నను తీసుకుని ఊరు వెళ్లాను. అమ్మ పోయిన తర్వాత ఆయన అక్కగారి దగ్గర కొన్నాళ్లు ఉండాలనుకున్నారు. వెళ్లిన మర్నాడు పొద్దున్నే వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని, "అక్కయ్యా, నాకు టిఫిన్లు వద్దు. కుండలోది పెట్టు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం నేనెప్పుడూ చూడనంత తేటగా ఉంది. అయినా నేను అడ్డుపడ్డాను. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు, షుగరు ఉంది, అంతకు ముందు ఏడాదే కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో ఉండి వచ్చారు. ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

అత్తయ్య చేతిలోని కొబ్బరిచిప్ప గరిటె పక్కన పెట్టింది. "నువ్వు ఎప్పుడైనా తిన్నావా అమ్మాయ్?"

"లేదత్తా."

"తినని దాన్ని కాదనడం ఏ చదువులో చెప్పారు? ముందు నువ్వు తిను. తిన్న తర్వాత కూడా వద్దంటే, వాడికి నేను పెట్టను."

నాన్న నా వైపు చూశారు. బతిమాలలేదు. ఆ పూటకు ఇడ్లీ తిని లేచారు. అత్తయ్య పెట్టిన షరతు నన్ను రోజంతా వదల్లేదు. ఎందుకంటే అందులో న్యాయం ఉంది. తాతయ్య ఎనభై ఏళ్లు తిన్నాడు కాబట్టి మంచిదే అనే వాదన నాకు చాలదు. తినీ బతికిన వాళ్లే మనకు కథలు చెబుతారు, జబ్బుపడిన వాళ్ల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఒక పదార్థాన్ని పరీక్షించకుండా తీర్పు చెప్పడం కూడా నా వృత్తికి సరిపడదు. ల్యాబులో వాసన చూసి రిపోర్టు రాయం కదా.

మా పక్కింటి వాళ్లకు రొయ్యల చెరువు ఉంది. చెరువు సాగు చేసే వాళ్ల దగ్గర నీటి పీహెచ్ చూసే సామగ్రి తప్పకుండా ఉంటుంది. పీహెచ్ అంటే పులుపు కొలత, 7 దగ్గర తటస్థం, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఆ సాయంత్రం వాళ్లబ్బాయిని అడిగి పీహెచ్ కాగితాలు నాలుగు తెచ్చుకున్నాను. అత్తయ్య స్నానం చేస్తే తప్ప ఆ కుండ మూత తీయదు, ఇంకొకరిని తీయనివ్వదు. అందుకని ఆమే గరిటెడు తరవాణి తీసి పింగాణీ గిన్నెలో పోసి ఇచ్చింది. ఒక కాగితాన్ని అప్పుడే వార్చి చల్లార్చిన గంజిలో ముంచాను. అది పసుపు, ఆకుపచ్చ మధ్య నిలబడింది. అంటే తటస్థానికి దగ్గర. రెండోదాన్ని తరవాణిలో ముంచాను. ముంచిన క్షణంలోనే నారింజ రంగుకు తిరిగింది. డబ్బా మీది రంగుల పట్టీతో సరిచూస్తే 4 దగ్గర ఆగింది.

ఆ అంకె నాకు చాలా సంగతులు చెప్పింది. ఆహార భద్రత చదివిన వాళ్లకు 4.6 అనేది గీత. అంతకంటే పీహెచ్ తగ్గితే బాట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధ తెచ్చే బాక్టీరియా పెరగలేదు. నేను భయపడిన బాసిల్లస్ సీరియస్ కూడా అంత పులుపులో కుదురుగా పెరగలేదు. మామూలు నీళ్లలో వేసిన అన్నానికీ, నడుస్తున్న తరవాణి కుండలో వేసిన అన్నానికీ తేడా ఇక్కడే ఉంది. నీళ్లలో వేసిన అన్నం పుల్లబడే లోపు కొన్ని గంటల వ్యవధి ఉంటుంది, అపాయం ఆ వ్యవధిలోనే. కుండలో ముందు నుంచీ పులుపు ఉంటుంది కాబట్టి అన్నం పడీ పడగానే ఆ పులుపులో మునుగుతుంది. లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా అప్పటికే అక్కడ కోట్ల సంఖ్యలో కాపురం ఉంటుంది. పెరుగు తోడుకోవడానికీ, ఇడ్లీ పిండి పొంగడానికీ కారణమైన జాతి అదే. కొత్తగా వచ్చిన వాటికి చోటు దొరకదు.

"ఏమంటోంది నీ కాగితం?" అని అడిగింది అత్తయ్య. 

"తినొచ్చు అంటోంది."

"అయితే పొద్దున్న తొందరగా లే" అంది. ఇంకేమీ అనలేదు.

మర్నాడు పొద్దున్న సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే తరవాణి అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. కుండ కొబ్బరిపీచు కుదురు మీద ఉంది. అత్తయ్య మూకుడు తీయగానే ముందు వాసనే వచ్చింది. ల్యాబులో ఇన్నేళ్లుగా వాసనలను విడదీసి గుర్తుపట్టడం అలవాటు కాబట్టి అలాగే పీల్చి చూశాను. పైన పులుపు, దాని వెనక వాము ఘాటు, దబ్బాకు వాసన, అన్నిటికీ అడుగున కాస్త తడిమట్టి. కుళ్లు వాసన లేదు. చిన్నప్పుడు ఈ నాలుగూ కలిసి ఒకే దుర్వాసనగా నా ముక్కుకు తగిలేవి. ఉపరితలం మీద అక్కడక్కడ చిన్న బుడగలు, ఒక పక్కన పలచని తెల్లని పొర. ఆ పొరను అత్తయ్య గరిటె అంచుతో నేర్పుగా తీసి పారేసింది. "ఇది తెల్లగా, పలచగా ఉంటే తీసేసి వాడుకోవచ్చు. నల్లగానో పచ్చగానో ఎర్రగానో బూజు కనిపించిందంటే కుండంతా పారబోయాల్సిందే. పైపైన తీసి సరిపెట్టుకోకూడదు" అంది. మేం ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు చెప్పే పాఠం కూడా ఇంచుమించు ఇదే.

గరిటె అడుగుదాకా పోనిచ్చి అన్నం తీసింది. మెతుకులు ఉబ్బి, తెల్లగా, ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా ఉన్నాయి. గిన్నెలో పోసి, పైన కొంచెం తరవాణి పోసి, పెసరావకాయ ముక్క అంచున పెట్టింది. చెంచా అడిగితే ఇవ్వలేదు. "చేత్తో మెదుపు. మెదిపితేనే నీళ్లకు చిక్కదనం వస్తుంది." అన్నం చల్లగా ఉంది. ఫ్రిజ్‌లో పెట్టిన చల్లదనం కాదది, మట్టికుండ చల్లదనం. మెదుపుతుంటే మెతుకు వేళ్ల సందున సులువుగా నలిగి నీళ్లు పాలరంగుకు తిరిగాయి.

మొదటి ముద్ద నాకు నచ్చలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. పులుపు నాలుక అంచులను పట్టుకుంది, గొంతు దిగనని మొరాయించింది. నాన్న, అత్తయ్య ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు కాబట్టి మింగాను. రెండో ముద్దకు పెసరావకాయ అద్దుకున్నాను. ఆవపిండి ఘాటు, నూనె, ఉప్పు తగిలేసరికి ఆ పులుపుకు ఒక ఆసరా దొరికింది. అంతవరకు ఒంటరిగా నిలబడి అరుస్తున్నట్టున్న రుచి కాస్తా పక్కన మరో గొంతు కలిసేసరికి పాటలో పడింది. మూడో ముద్దకు వాము గింజ పంటికింద పడింది. నాలుగో ముద్ద నుంచి నేను పరీక్షించడం మానేసి తినసాగాను. చివరికి గిన్నె ఎత్తి నీళ్లు తాగాను, ఎందుకంటే అసలు రుచి అన్నంలో కంటే నీళ్లలోనే ఉంది.

గిన్నె కింద పెట్టి "నాన్నకు పెట్టు అత్తా, కాకపోతే అన్నం తక్కువ, నీళ్లు ఎక్కువ" అన్నాను. అత్తయ్య అప్పటికే ఇంకో గిన్నె తీసి పెట్టుకుంది.

ఆయన తినడం చూస్తూ కూర్చున్నాను. మాటల్లేవు. ఉల్లిపాయ కొరికి, ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు. అమ్మ పోయిన తర్వాత ఆయన ఏదైనా పట్టుపట్టి అడిగి, ఇష్టపడి తినడం అదే మొదలు. దానికి నేను అడ్డుపడి ఉండేదాన్ని అనే ఆలోచన కంటే, ఇంతకాలం ఆయన దీన్ని హైదరాబాద్‌లో ఎందుకు అడగలేదు అనే ప్రశ్న నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఆ మధ్యాహ్నం అడిగాను.

"ఎలా అడుగుతానమ్మా? మన ఇంట్లో గంజి ఏది?" అన్నారు.

ఈ సంగతే చెప్పాలని ఇదంతా రాస్తున్నాను. తరవాణి పోయిందని బాధపడే వాళ్లు సాధారణంగా కొత్తతరం నాలుకను తప్పుపడతారు. ఇడ్లీలు, దోసెలు, బ్రెడ్డు వచ్చి దాన్ని తరిమేశాయంటారు. నాకలా అనిపించడం లేదు. తరవాణిని తీసేసింది కుక్కరు. వెనకటి రోజుల్లో అన్నం రెండు రకాలుగా వండేవారు. ఒకటి అత్తెసరు, అంటే కొలిచి పోసిన నీళ్లు అన్నంలోనే ఇంకిపోయేలా వండడం. రెండోది ఎక్కువ నీళ్లలో ఉడికించి, సిబ్బి మూసి, గుడ్డతో రెండు పక్కలా పట్టుకుని గంజి వార్చడం. పెద్ద కుటుంబాల్లో ఎక్కువగా నడిచింది రెండోదే. ఆ గంజి పశువుల కుడితిలోకి పోయేది, నూలు చీరలకు పెట్టేవారు, ఉప్పు వేసి పిల్లలకు తాగించేవారు, మిగిలింది తరవాణి కుండలోకి చేరేది. ప్రెషర్ కుక్కరు, దాని వెనకే కరెంటు కుక్కరు వచ్చాక దేశంలోని అన్నమంతా అత్తెసరే అయిపోయింది. గంజి అనేది ఇంట్లో పుట్టడమే మానేసింది. ఆపైన ఫ్రిజ్ వచ్చి మిగిలిన అన్నానికి వేరే చోటు చూపించింది. గంజీ లేదు, మిగిలిన అన్నమూ బయట లేదు. ఇక కుండకు పనేముంది?

అమ్మ ప్రభుత్వ పాఠశాలలో టీచరు. పొద్దున్న ఐదింటికి లేచి, కుక్కరు ఎక్కించి, మూడు కూతలు రాగానే దింపి, మాకు డబ్బాలు కట్టి, రెండు బస్సులు మారి బడికి వెళ్లేది. ఆమె గంజి వార్చుతూ కూర్చోవాలని కోరే హక్కు ఎవరికీ లేదు. నాన్న కోరలేదు కూడా. ఆయన గౌరవించిన సంగతి అదే. తరవాణి గొప్పతనం చెప్పేటప్పుడు ఆ కుండ వెనక రోజూ ఇంట్లోనే ఉండే ఒక ఆడమనిషి ఉండేదనే మాట కూడా కలిపి చెప్పాలి. మా అత్తయ్య పెళ్లిళ్లకు వెళ్లినా రాత్రికి తిరిగి వచ్చేసేది. కుండ కోసమే అని అననుగానీ, కుండ కూడా ఒక కారణం.

మిగిలిన రోజుల్లో అత్తయ్య పని చూస్తూ, అడుగుతూ గడిపాను. ఆమె చదివింది ఐదో తరగతి. కుండ గురించి చెప్పే ప్రతి మాటా నా చదువుతో సరిపోలేది. వేడి గంజి పోయకూడదు, "కుండ చచ్చిపోతుంది" అంటుంది. నిజమే, వేడికి లోపలి బాక్టీరియా చస్తుంది. కొత్త గంజి ఎప్పుడూ కుండలో ఉన్న పాత తరవాణి కంటే తక్కువే ఉండాలంటుంది. ఎక్కువ పోస్తే పులుపు ఒక్కసారిగా పలచబడి, ఇందాక చెప్పిన అపాయపు వ్యవధి మళ్లీ వస్తుంది. ఎంగిలి చెయ్యి, వాడిన గరిటె కుండలోకి పోకూడదు. వారానికొకసారి తరవాణి అంతా వేరే పాత్రలోకి తీసి, కుండ కడిగి, ఎండలో బోర్లించి, మళ్లీ పాతది కొంత తోడుగా పోసి మొదలుపెడుతుంది. ఇత్తడి గిన్నెలో మాత్రం క్షణం కూడా ఉంచదు, కిలుం పడుతుందని. పులుపు లోహాన్ని తింటుందని మనం రసాయనశాస్త్రంలో చదువుకున్నదే. బియ్యం విషయంలోనూ పట్టింపు ఉంది. మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ రకమే కావాలి. దాని గంజి చిక్కగా దిగుతుందని ఆమె నమ్మకం. సన్నబియ్యం గంజిని "కడుగు నీళ్లు" అని తీసిపారేస్తుంది.

గంజి విలువ గురించి ఇంకో మాట. బియ్యంలో ఉండే బి1 విటమిన్, అంటే థయమిన్, నీటిలో కరిగిపోతుంది. మరలో తెల్లగా పాలిష్ పట్టించినప్పుడు తవుడుతో సగానికి పైగా పోతుంది, కడిగినప్పుడు కొంత, గంజి వార్చి పారబోసినప్పుడు ఇంకొంత పోతుంది. బి1 లోపిస్తే వచ్చేది బెరిబెరి. నరాలను, గుండెను దెబ్బతీసే జబ్బు. ఒకప్పుడు మన కోస్తా జిల్లాలు, అంటే అప్పటి ఉత్తర సర్కారులు, ఆ జబ్బుకు పేరుమోసిన ప్రాంతం. తమిళ దేశంలో ఉప్పుడు బియ్యం తినేవారు కాబట్టి అక్కడ అంతగా కనిపించలేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. మనం తిన్నది పచ్చి బియ్యం. హైదరాబాద్ తార్నాకలో నేను రోజూ దాటి వెళ్లే జాతీయ పోషకాహార సంస్థ పుట్టుక కూడా ఈ జబ్బుతోనే ముడిపడి ఉంది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం ఒక చిన్న గదిలో మొదలైంది, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. తరవాణి బెరిబెరిని ఆపేదని నేను అనడం లేదు. వార్చిన గంజిలోకి పోయిన సారం, మోరీలోకి పోకుండా, తెల్లవారేసరికి మళ్లీ తినేవాళ్ల గిన్నెలోకే తిరిగి వచ్చేదని మాత్రం అంటున్నాను. అత్తయ్య మాటల్లో అయితే, "గంజి పారబోసే ఇంట్లో బియ్యం నిలవవు."

ల్యాబులో ఒరిస్సా వైపు బరంపురం నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. తిరిగి వచ్చాక ఆమెతో ఈ సంగతి చెబితే ఎంత సంబరపడిందో. వాళ్లకు పఖాళ ఉంది. అన్నాన్ని నీళ్లలో వేసి పులియనిచ్చి, పెరుగు కలిపి, వేపుళ్లతో తింటారు. పూరీ జగన్నాథుడికి నైవేద్యంగా కూడా పెడతారు. ఏటా మార్చి 20న పఖాళ దినోత్సవం జరుపుకుంటారు. బెంగాల్‌లో పాంతా భాత్, అస్సాంలో పొయిటా భాత్, తమిళనాడులో పళయ సోరు, కేరళలో పళంకంజి. వరి పండి, ఎండ మండే చోటల్లా ఎవరో ఒకరు ఈ దారి కనిపెట్టారు. మిగిలిన చోట్ల ఎక్కువగా రాత్రి అన్నం, నీళ్లు. మనది నెలల తరబడి నడిచే గంజి కుండ. ఆ అమ్మాయి తన డబ్బాలో పఖాళను ఎన్నడూ తేలేదట, ఎవరైనా ముక్కు మూసుకుంటారని. ఆ మాట నాకు గుచ్చుకుంది. తెమ్మన్నాను, తెచ్చింది, కలిసి తిన్నాం.

ఊరి నుంచి వచ్చేటప్పుడు అత్తయ్య సీసాలో సగం దాకా తరవాణి పోసి తోడుగా ఇచ్చింది. రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, దారిలో మధ్యమధ్య మూత వదులు చేస్తూ తెచ్చాను. లోపల వాయువు పుడుతూనే ఉంటుంది, బిగించి ఉంచితే సీసా పగులుతుంది. హైదరాబాద్‌లో కుండ కొని, నీళ్లు పోసి నానబెట్టి, మట్టివాసన తగ్గాక మొదలుపెట్టాను. కుక్కరు పక్కన పెట్టి గిన్నెలో అన్నం వండి గంజి వార్చడం మొదట్లో చేతులు కాల్చింది. నడుమ ఒకసారి అందరం ఊళ్లో లేని రోజుల్లో కుండలో గులాబీ రంగు మచ్చ లేచింది. అత్తయ్య చెప్పినట్టే మొత్తం పారబోసి, కుండ కూడా మార్చి, గంజితో మొదటి నుంచీ పుల్లబెట్టాను. తోడు లేకుండా మొదలుపెట్టినప్పుడు పీహెచ్ కాగితం 4 దగ్గరకు దిగేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇంట్లో చేద్దామనుకునే వాళ్లకు నా సలహా కూడా ఇదే. ఆ కాగితాలు మందుల షాపుల్లో, చేపల తొట్లు అమ్మే చోట దొరుకుతాయి. గర్భిణులు, క్యాన్సర్ మందులు వాడే వాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్న వాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. షుగరు ఉన్న వాళ్లు, పులిసినంత మాత్రాన అన్నం అన్నం కాకుండా పోదని గుర్తుపెట్టుకోవాలి. నాన్నకు నేను కొలిచే ఇస్తాను, తిన్న రెండు గంటలకు రక్తపరీక్ష చేస్తాను. ఉప్పు విషయంలో బీపీ ఉన్న వాళ్లకూ జాగ్రత్త కావాలి. ఇవన్నీ పక్కన పెట్టి "అమృతం" అని రాసే వాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

కొన్నాళ్లకు గంజి వార్చే పని నాన్న తీసుకున్నారు. నేను ఉద్యోగానికి పోయే హడావుడిలో ఉంటాననో, తానే చేస్తే సరిగ్గా కుదురుతుందనో, నన్నడగకుండానే తీసుకున్నారు. జీవితమంతా కాఫీ కూడా కలుపుకోని మనిషి, ఇప్పుడు పొద్దున్నే ఎసరు పెట్టి, బియ్యం వేసి, మెతుకు పట్టి చూసి, గిన్నె వంచుతున్నారు. నాయనమ్మ ఏ వైపు తిరిగి వార్చేదో, ఆవిరి ముఖానికి కొట్టకుండా మెడ ఎలా పక్కకు తిప్పేదో ఆయనకు గుర్తుంది. చిన్నప్పుడు చూశారంతే, ఒక్కసారి కూడా చేయలేదు.

అత్తయ్యతో రోజూ ఫోనులో నడిచేది ఇదే చర్చ. వాము గింజలు వేయాలని ఆయన, వాము ఆకు వేస్తే చాలని ఆమె. నాయనమ్మ గింజలే వేసేదని ఆయన, నువ్వు బడికి పోయాక ఆకు వేసేదని ఆమె. నిన్న రాత్రి చలి గురించి మాట్లాడుకున్నారు. పులుపు దిగడం లేదు అక్కయ్యా అని నాన్న అంటే, చలికాలంలో దిగదు, పొయ్యికి మూరెడు దూరంలో పెట్టు, రోజు విడిచి రోజు గంజి పోయి అంది. సంక్రాంతి వెళ్లాక ఆమె మా దగ్గరికి వస్తుంది. కుండ చూశాకే మిగతా మాటలు అని ముందే చెప్పేసింది. నాన్న ఈ పొద్దున కుండను పొయ్యి దగ్గరికి జరిపి, టేపు తెచ్చి దూరం కొలిచారు.